ఎరువు తొట్టిలో ఆవకాయ

మా ఆవిడ పోయిన పదకొండో రోజు పొద్దున ఆవిడ పెంచుకున్న వానపాములను నేను చంపేశాను. తెలిసి చేసిన పని కాదు. అయినా చేసినవాణ్ణి నేనే. ముప్పై ఏళ్లకు పైగా పత్రికకు వార్తలు రాసి బతికినవాణ్ణి, ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేయడం అలవాటైపోయింది. మిగతాది నెమ్మదిగా చెబుతాను.

కొత్తపేట నుంచి పలివెల వెళ్లే దారిలో మా ఇల్లు. పెరట్లో ఆరు కొబ్బరి చెట్లు, నాలుగు అరటి కుదుళ్లు, బావి పక్కన ఒక కరివేపాకు. కొబ్బరి నీడలో ఇటుకలతో కట్టిన తొట్టి ఒకటి ఉంది. పొడవు బారెడు, వెడల్పు రెండు మూరలు, ఎత్తు మోకాలి దాకా. పైన కొబ్బరాకుల పందిరి, లోపల తడిపిన గోనెసంచి కప్పు. చీమలు ఎక్కకుండా తొట్టి చుట్టూ ఆవిడ జానెడు గాడి తవ్వించి రోజూ దాన్ని నీళ్లతో నింపేది. ఆ గోనె కింద ఉండేవి ఆవిడ వానపాములు. మా వైపు ఎర్రలంటారు. చెరువు గట్టున గేలానికి గుచ్చే ఎర్రలు మట్టి లోతున ఉంటాయి. ఇవి వేరే జాతి. సన్నగా, బీట్‌రూట్ రంగులో, పైనున్న చెత్తనే తింటూ అక్కడే పిల్లలు పెడతాయి.

వీటిని ఇంటికి తీసుకురావడంలో నా చెయ్యి కూడా ఉంది. జొన్నాడ దగ్గర ఒక రైతు వానపాముల ఎరువు షెడ్డు కట్టుకుంటే దాని ప్రారంభోత్సవానికి వార్త కోసం వెళ్లాను. రాజమండ్రిలో ఏదో పెళ్లికి వెళ్లి వస్తున్నాం, ఆవిడ స్కూటరు వెనకాలే ఉంది. నేను వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో వరసగా పేర్లు రాసుకుంటున్నాను. ఒక్క పేరు తప్పిపోయినా మర్నాడు ఫోనొస్తుంది. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని షెడ్డు చివర పనిచేసే ఆడమనిషి పక్కన గొంతుక్కూర్చుంది. తిరిగి బయల్దేరినప్పుడు ఆవిడ ఒళ్లో పెళ్లివారిచ్చిన స్టీలు టిఫిను గిన్నె ఉంది. అందులో లడ్డూలు లేవు.

"లడ్డూలేవే?" అన్నాను.

"ఆ అమ్మాయికిచ్చేసేనండి. బదులుగా ఇవిచ్చింది."

మూత తీసి చూపించింది. నల్లటి ఎరువులో పిడికెడు పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి రానివ్వకూడదని నేను, కడిగితే పోతుందని ఆవిడ, రావులపాలెం దాటేదాకా వాదించుకున్నాం.

నేను రాసిన వార్తలో ఆ షెడ్డు పొడవు వెడల్పులు ఉన్నాయి, ముఖ్య అతిథి మాటలు ఉన్నాయి. వానపాము ఏం తింటుందో, ఏం తినదో లేదు. ఆ తర్వాత కూడా సేంద్రియ ఎరువుల మీద ఎన్నో అవగాహన సదస్సుల వార్తలు రాశాను. ఒక్కసారి కూడా అందులో చెయ్యి పెట్టలేదు. ఆవిడ మొదటి విడత పురుగుల్ని పచ్చిపేడ వేసి పోగొట్టుకుంది. పచ్చిపేడ లోపల వేడెక్కుతుందట, తగలబడ్డట్టే. గిన్నె అడుగున మిగిలిన నాలుగైదింటిని పట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. పేడ మూడు వారాలు నీడలో ఆరాలి. కొబ్బరి పీచు పొట్టును మూడుసార్లు నీళ్లు మార్చి నానబెట్టాలి. అరటి బోదెను చిన్న ముక్కలుగా తరిగి వేస్తే వాటికి అంతకంటే విందు లేదు. వీధిలో వాళ్లు ఆవిణ్ణి ఎర్రలమ్మగారు అనేవారు. ఆవిడ నవ్వేది. మా ఇంటి వంకాయలు పట్టుకెళ్లేటప్పుడు మాత్రం ఎవరూ అలా అనలేదు.

రెండేళ్ల కిందట ఆవిడ కడుపులో గడ్డ బయటపడింది. మూడు వారాలకోసారి కాకినాడ తీసుకెళ్లేవాణ్ణి. మందు ఎక్కించి వచ్చాక నాలుగు రోజులు మంచం దిగేది కాదు. పురుగుల దగ్గరకు వెళ్లొద్దని, మట్టిలో చెయ్యి పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి తొట్టి నాది. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో తొట్టికి పదడుగుల దూరాన కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, నాకు పని నేర్పింది.

"పిడికిలి పట్టి పిండండి. ఏం కారింది?"

"ఏం కారలేదు."

"అయితే నీళ్లు చాల్లేదు. వేళ్ల సందునించి ఒకటో రెండో చుక్కలు రావాలి. ధార కట్టకూడదు."

మగ్గుతో పోశాను.

"ఏవండీ, మంట ఆర్పుతున్నట్టు పోస్తున్నారేంటి! చిలకరించండి. పేరంటంలో పన్నీరు చల్లినట్టు."

"నేనెప్పుడు వెళ్లానే పేరంటానికి?"

"వార్తకి వెళ్లేరుగా, అన్నిటికీ."

కూరల తొక్కులు వేసేటప్పుడు నేను తొట్టి నిండా సమానంగా పరిచేవాణ్ణి. అది కూడా తప్పేనట. ఒక మూల మాత్రమే వేయాలి. అక్కడ పడనిది ఏదైనా ఉంటే అవి రెండో మూలకు పోయి దాక్కుంటాయి. "ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు మీరు పెరట్లోకి పోతారు చూడండి, అలాగ" అంది. వేయకూడనివి ఏమిటని అడిగితే వేళ్లు మడిచి చెప్పింది. నిమ్మతొక్కలు వద్దు. ఉల్లి ఎక్కువ వద్దు. వండినవి ఏవీ వద్దు. అంతే చెప్పింది. అంతకంటే చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆవిడ అనుకోలేదు.

ఎరువు తీసే రోజు నాకు బాగా గుర్తుంది. వారం ముందు నుంచి నీళ్లు ఆపించింది. పైది ఎండుతుంటే పురుగులు తడి వెతుక్కుంటూ కిందికి దిగిపోయాయి. అప్పుడు పైపొర చేత్తో దోసి జల్లెడ పట్టించింది. టీ పొడిలాగా, వాసనే లేని నల్లటి రవ్వ పడింది. ఒక దోసెడు తీసుకెళ్లి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. ముట్టుకోకూడదు కదా. కళ్లు మూసుకుని పీల్చి, "నాకేం తెలియట్లేదండి, మీకేమైనా తెలుస్తోందా" అంది. మందుల వల్ల నోటికి రుచి, ముక్కుకు వాసన అప్పటికే తగ్గిపోయాయి. తొలకరి వాన వాసన వస్తోందన్నాను. ఆవిడ తల ఊపింది.

జూన్ మొదట్లో కాకినాడ ఆసుపత్రిలో చేర్చాం. ఈసారి ఇంటికి పంపలేదు. రాజోలులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చి తల్లి దగ్గరుంది. మాకు ఒక్కతే. నేను రోజు విడిచి రోజు బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. బట్టలు తేవడానికి అని చెప్పేవాణ్ణి గానీ, నన్ను తరిమేది ఆవిడే.

"ఈ ఎండలకి గోనె పూటకే ఆరిపోతుంది. వెళ్లండి."

"నువ్విలా ఉంటే నాకు పురుగులు ముఖ్యమా?"

"నేనెలాగూ ఇలాగే ఉంటాను. వాటికి నీళ్లెవరు పోస్తారు?"

అమ్మాయి ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మామూలుగా సంతకు వెళ్లేటప్పుడు ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది. "నా తర్వాత వాటిని ఎండబెట్టకండి. మీకు బద్ధకం. చెట్లంటే ఎలాగోలా బతుకుతాయి. అవి బతకవు." సరేనన్నాను. ఆవిడ నన్ను అడిగిన ఆఖరి సాయం అది. ఇంకేదీ అడగలేదు. జూన్ ఆఖరి వారంలో పోయింది.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మనిషి పోతే ఆ పది రోజుల మైలలో ఇంట్లో ఉండిపోయిన ఊరగాయలు పదకొండో రోజు శుద్ధికి ముందు తీసేస్తారు. ఇప్పుడు అందరూ పాటించడం లేదు. రామచంద్రపురం నుంచి వచ్చి ఆ పది రోజులూ ఇంటిని నడిపిన మా అక్కయ్య పాటిస్తుంది. ఎనభై ఏళ్ల మనిషి. తన మరదలి కోసం నాకంటే ఎక్కువ ఏడ్చింది. అక్కయ్యను నేను తప్పుపట్టను.

పొద్దున్నే, పురోహితుడు ఇంకా రాకముందు, వంటింటి గడపలో నిలబడి పిలిచింది.

"ఒరేయ్, ఆ జాడీలు రెండూ ఉన్నాయి. తీసేయాలిరా."

అటక కింద బల్ల మీద, మూతికి తెల్లటి గుడ్డ వాసెన కట్టి, రెండు పింగాణీ జాడీలు. ఆ ఏడు వేసవిలో ఆవిడ పెట్టిన ఆవకాయ. కుర్చీలో కూర్చునే కాయలు తుడిచింది, కొలత చూసింది, నేను వద్దంటున్నా చెయ్యి పెట్టి కలిపింది.

"ఉంచుకుంటే ఏమవుతుందే?" అన్నాను.

"ఏమవుతుందో నాకేం తెలుసు. అమ్మ పోయినప్పుడు నాన్న తీయించేడు, నాన్న పోయినప్పుడు నువ్వే తీసేవు. కాలవలో పోసేసి రా. వెనక్కి చూడకు."

జాడీలు రెండూ సంచిలో పెట్టుకుని కాలవ గట్టుకు వెళ్లాను. కొత్త నీళ్లు వదిలిన రోజులు. ఎర్రటి నీళ్ల మీద గుర్రపుడెక్క, దానితో పాటు థర్మోకోల్ ప్లేట్లు, ఎవరిదో చెప్పు కొట్టుకుపోతున్నాయి. అవతలి రేవులో ఒకాయన గేదెను కడుగుతున్నాడు. వాసెన విప్పాను. నూనె పైకి తేలి, ఎర్రగా, మెంతుల వాసన గుప్పుమంది. చెప్పు వెనకాల ఈ పచ్చడి కొట్టుకుపోవడం నేను చూడలేకపోయాను. మళ్లీ గుడ్డ కట్టుకుని ఇంటికి తిరిగొచ్చాను.

పెరటి గుమ్మంలోంచి లోపలికి వస్తుంటే తొట్టి కనబడింది.

అప్పుడు నాకు తట్టిన ఆలోచన ఎంత సబబుగా తోచిందో చెప్పలేను. ఆమె చేత్తో కలిపింది, ఆమె చేత్తో పెంచిన వాటికే పెడదాం. తొక్కలు, బోదెలు, కుళ్లిన వంకాయలు ఏది వేసినా నల్లటి రవ్వ చేసి ఇచ్చాయి. ఇదీ చేస్తాయి. వండినవి వద్దంది. ఆవకాయ వండింది కాదు. పచ్చి మామిడికాయ, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె. పొయ్యి ఎక్కదు. మా ఇళ్లలో వండినదానికీ ఊరబెట్టినదానికీ మధ్య గీత చిన్నప్పటి నుంచీ తెలుసు. అన్నం తాకిన చెయ్యి జాడీలో పెడితే అమ్మ చేతి మీద కొట్టేది. ఆ గీత మీదే నిలబడి లెక్క వేసుకున్నాను.

గోనె తీశాను. అవి కంగారుగా లోపలికి పోయాయి, వెలుగు పడితే ఎప్పుడూ అంతే. రెండు జాడీలూ వంపాను. ఒక మూల కుప్పగా పోయడం పారబోసినట్టు అనిపించి, తొట్టి నిండా సమానంగా పరిచి, మట్టిలో కలిసేలా చేత్తో కిందికీ మీదికీ కలిపాను. జాడీలు రెండు చెంబుల నీళ్లతో కడిగి ఆ నీళ్లూ పోశాను. గోనె కప్పి దండం పెట్టుకున్నాను. వేళ్లు సాయంత్రం దాకా మండాయి. కర్మ చేయిస్తున్న పురోహితుడు కళ్లనీళ్లు చూసి, "ధైర్యం తెచ్చుకోవాలండీ" అన్నాడు. కన్ను నులుముకున్నానని చెప్పలేదు.

తర్వాత మూడు రోజులు తొట్టి తెరిచి చూడలేదు. చుట్టాలు, భోజనాలు, సంతర్పణ. కానీ మాటిచ్చాను కదా, నీళ్లు మాత్రం మానలేదు. పొద్దునా సాయంత్రం గోనె మీద నుంచే చిలకరించాను, ఆవిడ చెప్పినట్టు, పన్నీరులాగా. ఉప్పు కరిగి ఆ నీళ్లతో పాటు అడుగుకు, అవి పారిపోయి దాక్కున్న చోటికి దిగుతుందని నాకు తోచలేదు.

నాలుగో రోజు పొద్దున మాకు పాలూ పేడా తెచ్చే పెద్దాయన వచ్చాడు. పదిహేనేళ్లుగా ఆవిడకు పాతపేడ ఇస్తున్నది ఆయనే. పేడ తట్ట దించకుండానే ఆగిపోయాడు.

"ఆయ్, బాబుగారూ, ఇదేంటండీ, ఇక్కడ ఆవకాయ వాసనొత్తాంది?"

"వేశాను."

"ఏటేసేరండీ?"

"ఆవకాయే. రెండు జాడీలు."

ఆయన తట్ట నేల మీద పెట్టాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"మరేనండీ, చేలో కాలికి జలగ పట్టుకుంటే ఏం చేత్తామండీ మనం?"

"ఉప్పు వేస్తాం."

"మరి?" అన్నాడు.

గోనె ఎత్తాం. తొట్టి గోడల మీద, అంచుల మీద, పందిరి రాటల మీద కూడా సన్నటి గోధుమరంగు దారాలు అంటుకుని ఉన్నాయి. ఎక్కగలిగినంత ఎక్కి ఎండిపోయాయి. గాడిలో నీళ్లు నేను నింపడం మరిచిపోయాను. చీమలు బారులు కట్టాయి. లోపల మట్టి నూనెతో ముద్దగా, మెరుస్తూ ఉంది. పెద్దాయన వేళ్లతో తవ్వాడు. మెత్తగా, రంగు పోయి, పొడుగ్గా సాగిపోయినవి చేతికి వచ్చాయి. నేను అక్కడే ఇటుకల మీద కూర్చుండిపోయాను. ఆవిడ పోయిన రోజు ఆసుపత్రిలో కాగితాల మీద సంతకాలు చేశాను, అంబులెన్సు వాడితో దారి మాట్లాడాను, అందరికీ ఫోన్లు చేశాను. గట్టిగా ఏడవలేదు. ఆ పొద్దున ఆ పెద్దాయన ముందు ఏడ్చాను.

ఆయన తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత, "లెగండి బాబూ. అడుగున ఉంటే ఉంటాయి. పట్టా ఏదైనా ఉందా?" అన్నాడు.

టార్పాలిన్ పరిచి తొట్టి మొత్తం దాని మీదికి తోడాం. మధ్యాహ్నం దాకా ఇద్దరం గుప్పెడు గుప్పెడు చూశాం. మామిడి ముక్కలు చేతికి తగులుతూనే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ కుళ్లలేదు, మెత్తబడలేదు. తూర్పు మూల అడుగున, ఇటుకల సందులో కొంచెం పొడిగా ఉన్న చోట, బతికున్నవి పద్నాలుగు దొరికాయి. పెద్దాయన తెచ్చిన పాతపేడలో, చిల్లులు పెట్టిన బేసిన్లో వాటిని వేశాం.

"పద్నాలుగు చాలండీ. అమ్మగారు నాలుగింటితో మొదలెట్టలేదేటండీ? ఏడాదికి తొట్టి నిండుతాది" అన్నాడు.

ఆ వారమంతా నేను చేసిన పని ఒక్కటే. బేసిన్ చుట్టూ తిరగడం. తడి చూశాను, పిడికిలి పిండాను, చుక్క వచ్చిందో లేదో చూశాను. అరటి బోదె గోరంత ముక్కలు చేసి ఒక మూల పెట్టాను. మర్నాడు చూస్తే తొమ్మిది. ఆ పై రోజు ఆరు. వాటి ఒంటి మీద మధ్యలో పూసలు గుచ్చినట్టు ఉబ్బులు వచ్చాయి. పెద్దాయన చూసి తల అడ్డంగా ఊపాడు. శుక్రవారం నాటికి రెండు మిగిలాయి. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పరిచయస్తుడికి ఫోను చేశాను. "కొత్తవి కొనుక్కోవచ్చుగా, కిలోల లెక్కన అమ్ముతున్నారు" అన్నాడు. దొరుకుతాయని నాకూ తెలుసు. అవి వచ్చి ఈ తొట్టిలో తింటాయి, ఇలాంటి ఎరువే ఇస్తాయి. వాటిని చూసుకోమని నన్నెవరూ అడగలేదు.

ఆదివారం అమ్మాయి వస్తానంది. ఆ లోపు ఈ రెండైనా నిలబడితే, ఇవీ అమ్మవే అని చూపించి, మిగతాది తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చనుకున్నాను. శనివారం సాయంత్రం బేసిన్ మొత్తం వంపి చూశాను. ఏమీ కదల్లేదు.

అమ్మాయి పది గంటల బస్సుకు దిగింది. మైల శుద్ధి నాటి పొద్దున తను ఇక్కడ లేదు. అత్తగారికి ఒంట్లో బాగోలేదని ముందురోజు వెళ్లి మధ్యాహ్నానికి గానీ తిరిగి రాలేదు. జాడీల సంగతి ఎవరం చెప్పలేదు, తను అడగలేదు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, వానపాములు చచ్చిపోయాయని చెప్పాను. ఎలాగో చెప్పలేదు.

"పోనీలెండి నాన్నా" అంది. "మీరు మాత్రం ఏం చేస్తారు. వానలు, వేడి. మీరు తిన్నారా లేదా అది చెప్పండి."

"తిన్నాను."

"ఏం తిన్నారు? అన్నం మజ్జిగ పోసుకుని తాగేసుంటారు. ఉండండి, వేడిగా వండుతాను. అమ్మ కొత్తావకాయ ఉంది కదా, ముద్దపప్పు చేస్తాను."

లేచి వంటింట్లోకి వెళ్లింది. గ్యాసు వెలిగించిన చప్పుడు వినబడింది. కాసేపటికి బల్ల జరిపిన చప్పుడు.

"నాన్నా, జాడీలేవి?"

వంటింటి గుమ్మం దాకా వెళ్లి అంతా చెప్పాను. అక్కయ్య తీయమంది, కాలవ దాకా వెళ్లాను, పోయలేకపోయాను, తొట్టిలో కలిపాను. చెబుతున్నంతసేపూ పొయ్యి మీద పప్పు గిన్నె వైపే చూసింది. గిన్నె దించి గ్యాసు కట్టేసింది.

"కొంచెమైనా ఉంచలేదా?"

"లేదమ్మా."

"చిన్న సీసాడు కూడా?"

అరిచినా బాగుండేది. స్టూలు మీద కూర్చుని చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. తర్వాత తనే లేచి పెరట్లోకి నడిచింది. టార్పాలిన్ మీద ఆ కుప్ప అలాగే ఉంది. దాన్ని ఏం చెయ్యాలని అడిగితే పెద్దాయన ముందే చెప్పి వెళ్లాడు. కొబ్బరి మొదట్లో గాడి తీసి పూడ్చేయమన్నాడు. మా వైపు కొబ్బరి చెట్లకు ఏటా ఉప్పు వేస్తారు, కొబ్బరికి ఉప్పు చేదు కాదు. ఆ పనికి నాకు చేతులు రాక వారం నుంచి వాయిదా వేస్తున్నాను. అమ్మాయి కొంగు బిగించి పార అందుకుంది.

ఇద్దరం చెట్టు చుట్టూ గాడి తవ్వాం. వాన పడి నేల మెత్తగా ఉంది. తట్టతో మోసి పోస్తున్నాం. ఒకసారి తట్ట వంపి, వంగి, అందులోంచి ఒక మామిడి ముక్క తీసింది. టెంకతో సహా గట్టిగా ఉంది. మట్టి దులిపి బొటనవేలితో నొక్కి చూసింది.

"ముక్క చెక్కు చెదరలేదు" అంది. ఆవకాయ బాగా కుదిరిందనడానికి మా ఇళ్లలో అదే గుర్తు.

ముక్క గాడిలోనే వదిలేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మేలో ఫోన్లో అమ్మ నాతో అంది నాన్నా. ఈ ఏడు చెయ్యి వణికింది, ఉప్పు కొలత తప్పిందేమోనని భయంగా ఉంది, నా నోటికి ఏ రుచీ తెలియట్లేదు, మీ నాన్ననడిగితే బ్రహ్మాండంగా ఉందన్నారు, ఆయన మాట నేను నమ్మను, నువ్వొచ్చి నిజం చెప్పాలి అంది. వస్తానన్నాను. పరీక్ష పేపర్లు దిద్దడం, అది ఇదీ. వచ్చేసరికి ఆసుపత్రి. మళ్లీ అడగలేదు తను."

నేను పార పట్టుకుని నిలబడ్డాను.

"ఇప్పుడు మీరే చెప్పండి. ఎక్కువైందా?"

మూడో రోజు తిరగకలిపిన పచ్చడి, వేడన్నంలో కలిపి ఆవిడే ముద్ద నా చేతిలో పెట్టింది. పెట్టి నా ముఖం చూస్తూ కూర్చుంది. నాలుక చుర్రుమంది. మింగేశాను. జుట్టంతా పోయి, తువ్వాలు కింద ఆ ముఖం ఎంతో చిన్నదైపోయింది. ఆ ముఖంతో ఉప్పెక్కువైందని ఎలా చెప్పను? రెండో ముద్ద కూడా అడిగి తిన్నాను. ఆ తర్వాత ఆవిడ ఎదురుగా ఉన్నప్పుడు తప్ప ఆ జాడీ జోలికి వెళ్లలేదు. అందుకే రెండూ నిండుగా ఉండిపోయాయి.

"ఎక్కువైందమ్మా" అన్నాను. "నోట పెట్టలేనంత."

తను నా వైపు చూడలేదు. తట్ట అంచుకు అంటిన మట్టిని గోటితో గీకుతోంది. తల్లి పోయిన దగ్గర నుంచి నా ముందు కంటనీరు పెట్టని పిల్ల, ఇప్పుడు ముక్కు ఎగబీల్చుకుంటూ అంది.

"చెప్పాల్సింది నాన్నా. ఇంకో పది కాయలు తరిగి కలిపేసేది కదా. అమ్మకి తెలీదా ఎలా సరిచెయ్యాలో? అప్పటికింకా కాయలొస్తూనే ఉన్నాయి."

వస్తూనే ఉన్నాయి. మే నెలాఖరు దాకా పచ్చడి కాయల బండి రోజూ పొద్దున్నే మా వీధిలోకి వచ్చేది. మా గుమ్మం ముందు కాసేపు ఆగేది కూడా. అవసరం లేదు, వెళ్లమని నేనే చెయ్యి ఊపేవాణ్ణి.